దొరువు లెక్క

పట్టాలు అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు నా అభినందనలు.

నేను భూగర్భజలాల మనిషిని. ఈ నెల్లూరు తీరంలో నీళ్ళు ఎక్కడ పడతాయో చెప్పడమే నా ఉద్యోగంగా ముప్పై ఏళ్ళు గడిచాయి. నాకు తెలిసింది అదొక్కటే కాబట్టి మీతోనూ దాని గురించే మాట్లాడతాను.

మా అమ్మమ్మగారి ఊరు మైపాడుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున. తూర్పున సముద్రం, పడమర బకింగ్‌హాం కాలువ. రెండూ ఉప్పే. నడుమ తాటిచెట్లు, సరుగుడు తోపులు ఉన్న ఇసుక మేట. ఆ ఇసుకలో నిలువెత్తు గుంట ఒకటి ఉండేది. దాన్ని దొరువు అంటారని మీలో చాలామందికి తెలుసు. గట్టు జారకుండా తాటిమొద్దులు అడ్డం వేసేవాళ్ళు. అడుగున మోకాలి లోతు కూడా నీళ్ళుండవు. ఆడవాళ్ళు గట్టున కూర్చుని చెంబుతో మెల్లగా ముంచి బిందెలో పోసుకునేవాళ్ళు. నాలుగు బిందెలు నిండాక కాసేపు ఆగేవాళ్ళు. నాకేమో తొందర. దిగి గబగబా ముంచబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరనీ అబ్బయ్యా, గెలికితే ఉప్పొస్తుంది" అంది.

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో ఎమ్మెస్సీ చదివేటప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఉప్పు నీటి మీద తేలుతూ నిలబడుతుంది. 1880ల చివర హాలండ్‌లో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బర్గ్ దీనికి లెక్క కట్టారు. సముద్ర మట్టం కన్నా ఒక అడుగు పైన తీపి నీరుంటే, మట్టానికి కింద సుమారు నలభై అడుగుల దాకా తీపి నీరే ఉంటుంది. ఇది వినడానికి బాగుంది. అదే లెక్క తిరగేస్తే నిద్ర పట్టదు. పైన ఒక అడుగు తగ్గితే, కాలక్రమాన కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి లేస్తుంది.

ఎడారిలో చెలమ చుట్టూ ఖర్జూర చెట్లు పెరిగిన చోటును ఒయాసిస్సు అంటాం. మన ఇసుక మేట కూడా ఒయాసిస్సే. ఎడారివాళ్ళకు చుట్టూ ఎండిన నేల, మనకు చుట్టూ ఉప్పు. ఈజిప్టులోని సీవా ఒయాసిస్సులో అదుపు లేకుండా బావులు తవ్వారు. వాడగా మిగిలిన నీరు పోయే దారి లేక నేలంతా ఉప్పు తేలింది. నీళ్ళు ఉండి కూడా తోటలు దెబ్బతిన్నాయి.

నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తీర గ్రామానికి తాగునీటి బోరు వెయ్యడానికి చోటు చూపించాను. తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. నీళ్ళు బాగున్నాయని మోటారు పగలంతా ఆడించారు. రోజుకు ఎంతసేపు తోడాలో నేను రాసి ఇవ్వలేదు, ఎవరూ నన్ను అడగలేదు. మూడో వేసవిలో మళ్ళీ వెళ్తే ఒకావిడ గడపలోనే నిలదీసింది: "అయ్యా, నీ బోరు నీళ్ళకు పప్పుడకడం లేదు." నా దగ్గరున్న పరికరం ఆ మాట అప్పటికి చెప్పలేదు. ఆవిడ పప్పుకుండ చెప్పింది. ఆ బోరు మళ్ళీ తీపి తిరగలేదు.

అందుకే బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు పాత దొరువును పట్టించుకున్నారని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. లోతుకు పోకుండా, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైపై తీపి నీటిని మాత్రమే బావిలోకి రప్పించే పద్ధతి తీర్చిదిద్దారు. మా అమ్మమ్మ చెంబుతో చేసిన పనే అది.

ఇక రొయ్యల గుంటల మాట. రొయ్య మన తీరానికి కూడు పెట్టింది, ఈ సభలో కొందరికి ఫీజులు కట్టింది. కాదనను. అయితే వేసవిలో గుంటలో ఉప్పు ఎక్కువైతే దాన్ని విరవడానికి బోరు నీళ్ళు కలుపుతారు. అంటే కింద తీపి తోడి, పైన ఉప్పు నిలబెట్టడం. ఆ ఉప్పు పక్క చేలోకి, పక్క దొరువులోకి దిగుతుంది. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ జోన్‌లోని గుంటలను, సంప్రదాయ పద్ధతివి తప్ప, తీసెయ్యమంది. పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపల కూడా అలాగే వద్దంది. 2005లో పార్లమెంటు చట్టం తెచ్చి అనుమతుల పద్ధతి పెట్టింది. చట్టాలున్నాయి. పక్క దొరువులో ఉప్పు ఎంత పెరిగిందో చెప్పగల అంకె మాత్రం ఏ రైతు చేతిలోనూ లేదు.

ప్రభుత్వ లెక్కలో, ఏడాదికి ఊరే నీటిలో తోడదగిన వంతులో 70 శాతం లోపు తోడితే ఆ మండలం సురక్షితం. మెట్ట ప్రాంతానికి ఆ కొలత సరిపోతుందేమో. తీరానికి చాలదని నా అభిప్రాయం. ఇక్కడ నీళ్ళు అయిపోవు, చెడిపోతాయి. ఎన్ని తోడామన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎక్కడ, ఎంత లోతు నుంచి, ఎంత వేగంగా తోడామో కూడా చూడాలి.

మనకేం, సోమశిల జలాశయం ఉంది కదా అంటారు. ఉంది, 78 టీఎంసీలు. కండలేరు 68. చెన్నైకి కూడా మన కాలువ నుంచే నీళ్ళు పోతున్నాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసేసింది. అంత నీరూ సముద్రం పాలైంది. మన జిల్లా వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. ఆ మూడు నెలల్లో ఇసుకలోకి ఇంకిందే మిగతా తొమ్మిది నెలలకు ఒడ్డునున్న పల్లెల ఆస్తి. అందుకే పెన్న ఇసుకను లారీలకెత్తడం చూస్తే నాకు నీళ్ళ తొట్టిని పగలగొట్టి అమ్ముకుంటున్నట్టే ఉంటుంది.

ఈ లెక్క రైతులే కట్టిన చోట్లున్నాయి. అనంతపురం నుంచి ప్రకాశం దాకా ఏడు జిల్లాల్లో, 2003 తర్వాత కొన్నేళ్ళపాటు రైతులే తమ బోర్లలో నీటిమట్టం పదిహేను రోజులకోసారి కొలిచారు. వాన ఎంత పడిందో రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్ళు ఇన్ని, ఏ పంటకు ఎన్ని అని లెక్క వేసుకున్నారు. ఎవరినీ ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క తెలిశాక పంట మార్చుకున్నవాళ్ళు చాలామంది. ఏపీఫామ్‌జీఎస్ అని పిలిచిన ఆ పథకం మన నెల్లూరు దాకా రాలేదు. ఆ లోటు మీరు తీర్చవచ్చు.

మీరు తెలుగు చదివినా, కామర్సు చదివినా, కెమిస్ట్రీ చదివినా సరే. మీ ఊళ్ళోనో, అమ్మమ్మగారి ఊళ్ళోనో ఒక బావిని ఎంచుకోండి. తాడుకు రాయి కట్టి నీళ్ళ లోతు కొలవండి. ఉప్పు కొలిచే చిన్న మీటరు మీ జేబులో ఫోను కన్నా చాలా చవక. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. వానలు వెనకబట్టాక జనవరిలో ఒకసారి, నడి వేసవిలో ఒకసారి కొలిచి, ఆ రెండు అంకెలూ తేదీతో సహా పంచాయతీ గోడ మీద అందరికీ కనపడేట్టు రాయించండి. వచ్చే ఏడు వాటి కిందే కొత్త అంకెలు రాయండి. ఈ మే నెలలోనే మొదలుపెట్టండి.