పెరటి కోళ్ళకు పగవారు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో 2018 నుండి మెట్రో రైలు తలమీదుగా పరుగిడుచున్నను, సందులలో వేకువజామున కోడికూత ఇంకను వినబడుచునే యున్నది. నాలుగు పెట్టలున్న ఇల్లాలికి అవి గ్రుడ్లకే కాదు, అక్కరకు వచ్చు సొమ్ము. అట్టి ఇంట ఒకనాడు గూటి ముందు ఈకలు చెల్లాచెదరుగా పడియున్నచో, నింద మొదట ముంగిసపై పడును. ఇది అన్నివేళల న్యాయము కాదు.

ముంగిస పగటి జంతువు. కోడిపిల్లలను, గ్రుడ్లను పట్టపగలే ఎత్తుకొనిపోవును. రాత్రి జరిగిన హత్యకు మానుపిల్లిని, అడవిపిల్లిని, ఊరకుక్కలను ముందుగా తలచవలెను. మానుపిల్లి పగలెల్ల అటకలమీదనో చెట్లమీదనో నిద్రించి, చీకటిపడిన పిదప గోడలవెంట దిగును. కుక్కలు గుంపుగా వచ్చి, దొరికినన్నింటిని చంపి, తినకయే విడిచిపోవుటయు కలదు. వంగిన తీగ, ఊడిన తలుపు వాని గుర్తులు. గ్రుడ్డు పెంకుతోసహా మాయమైనచో పామును అనుమానింపవచ్చును. పెంకులు అక్కడనే పగిలియున్నచో ముంగిసయో, పందికొక్కో. ఒక్కొక్కప్పుడు చచ్చిన పిల్ల తలయు మెడయు తడిసి, ఒడలు చెక్కుచెదరక యుండును: పాము మ్రింగజూచి, మ్రింగలేక విడిచినదన్నమాట. మేడమీద పెంచువారికి గద్ద భయము అదనము. పైన వల కప్పక తప్పదు.

ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. పొద్దుగూకగానే గూటి చుట్టు జల్లించిన బూడిద పలుచగా చల్లి, తెల్లవారగానే చూడుడు. గుండ్రని అడుగున నాలుగు వ్రేళ్ళుండి గోళ్ళు కనబడనిచో పిల్లి. గోళ్ళుకూడ కనబడినచో కుక్క. అయిదు వ్రేళ్ళయినచో, రాత్రి పడిన జాడ మానుపిల్లిది, పగటిది ముంగిసది. ఈ పరీక్ష చేయక పొరుగింటి పిల్లిపై తగవు తెచ్చుకొన్నవారు లేకపోలేదు!

అంగడిలో కోళ్ళ వలయని అమ్ము పెద్ద కన్నుల తీగ కోడిని బయటికి పోనీయదే కాని, ముంగిసను లోనికి రాకుండ ఆపలేదు. అర అంగుళపు కన్నుగల వెల్డింగు తీగ కొట్టించి, అంచును అడుగులోతు పాతవలెను. గంపమీద రాయి పెట్టినంతమాత్రమున భద్రము కాదు. క్రింద రెండు వ్రేళ్ళ సందున్న చాలును. చల్లిన నూకలు రాత్రికి మిగులనీయరాదు. నూకలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వచ్చును.

విషము పెట్టుట నా మతమున అవివేకము. అది పొరుగువారి పెంపుడు జంతువును చంపును. పైగా ముంగిస, ఉడుము, మానుపిల్లి 1972 నాటి వన్యప్రాణి చట్టపు రక్షణలో నున్నవి. ఒకదానిని చంపినను, ఖాళీ స్థలముల తుమ్మపొదలనుండి మరియొకటి వచ్చును. వనస్థలిపురమున 1975లో మహావీరుని పేర వెలసిన హరిణ వనస్థలియు మనకు దూరము కాదు గదా!

గూటిలో పామే కనబడినచో కర్ర ఎత్తక, నగరములోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి కబురంపుడు. వారు వచ్చువరకు పసివారిని దూరముగా నుంచి, పాము ఎటు పోవుచున్నదో ఎడముగా నిలిచి చూచుచుండుడు.