ఎగరడం సరే, దిగడం ఎలా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విమానమనగానే మనకు గుర్తొచ్చేది వీసా. కువైట్, దోహా, మస్కట్. అబ్బాయిని ఎక్కించడానికి హైదరాబాదు దాకా వెళ్ళి, కళ్ళు తుడుచుకుని రాత్రి బస్సుకు తిరిగి రావడం. విమానం ఎక్కేవాళ్ళు మన యిళ్ళలో చాలామందే వున్నారు గాని, దాన్ని మనవాళ్ళే నడపవచ్చు, చెయ్యవచ్చు అన్న ఆలోచన మనకు రాలేదు. మాకూ రాలేదు, మొన్న వేసవి దాకా.

మా వీధి కుర్రవాడొకడు, ఇంటర్ చదువుతున్నాడు. పాత ఇనుము కొట్లో స్కూటరు ఇంజను కొని, కొబ్బరితోటలో వెదురుబొంగులతోను, టార్పాలిన్‌తోను రెక్కలు కట్టాడు. కాలవగట్టు మీద పరుగెత్తించి ఎగురుతానన్నాడు. వాళ్ళ నాన్న లబోదిబోమంటూ మా దగ్గరకొచ్చాడు. మేము నలుగురం వెళ్ళి గట్టిగా చీవాట్లు పెట్టి, ఇంజను పట్టుకొచ్చి ఆఫీసు అటకమీద పెట్టేశాము. "చదువు చూసుకో, తరవాత వీసా సంగతి చూద్దాం" అన్నాము. వాడు ఒక్కటే అడిగాడు: "నేను చేసిందాంట్లో తప్పేంటో చెప్పండి చాచా." మాలో ఒక్కరికీ చెప్పడం రాలేదు.

ఆ సిగ్గుతోనే నాలుగు పుస్తకాలు తిరగేశాము. ముందుగా దొరికిన పేరు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్. తొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్డోబాలో వుండేవాడు. కవి, ఖగోళం తెలిసినవాడు, గాజు పని చేసినవాడు. ఒంటికి ఈకలు, చేతులకు రెక్కలు కట్టుకుని గాలిలోకి దూకాడనీ, కొంతదూరం ఎగిరాడనీ, దిగేటప్పుడు నడుము దెబ్బతిన్నదనీ చాలాకాలం తరవాత 17వ శతాబ్దంలో అల్ మఖ్ఖరీ రాశాడు. పక్షి వాలేటప్పుడు తోక ఆసరా చేసుకుంటుంది, యితడు తోక మరచిపోయాడు, అదీ ఆయన చెప్పిన కారణం.

మన దింపు తీసేవాళ్ళనడగండి. చెట్టెక్కడం ఒక యెత్తు, దిగడం ఒక యెత్తు అంటారు.

రైట్ సోదరులు సైకిలు షాపువాళ్ళు. 1903 డిసెంబరు 17న ఇంజనుతో ఎగిరింది మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. రెక్కలకు తొడిగింది మస్లిన్ గుడ్డ. బండారులంక మగ్గాలెరిగిన మనకు గుడ్డ సంగతి చెప్పనక్కరలేదు. కాని అంతకు ముందేడు, 1902లో, ఇంజను లేని గ్లైడరు మీద వందలసార్లు ఎగిరి దిగారు. దిగడం వచ్చాకనే ఇంజను పెట్టారు. మనవాడు ముందే ఇంజను కొన్నాడు!

రెక్క మీదుగా గాలి తగిన వేగంతో, తగిన కోణంలో పోతేనే అది బరువు మోస్తుంది. ముక్కు మరీ పైకెత్తితే మొయ్యడం మానేస్తుంది. దీన్ని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడం కాదు, రెక్క చేతులెత్తెయ్యడం. పైనుంటే ముక్కు దించి వేగం పుంజుకోవచ్చు. నేలకు దగ్గర జరిగితే ఆ వ్యవధి వుండదు. కాలవగట్టు మీద జరగబోయింది సరిగ్గా అదే. అందుకే నేర్చుకునేవాళ్ళు సెస్నా 152 వంటి రెండు సీట్ల విమానంలో, పక్కన గురువుగారుండగా లేవడం, చుట్టు తిరగడం, దిగడం, మళ్ళీ లేవడం యిదే పనిగా చేస్తారు. ఆయనకు నమ్మకం కుదిరాకనే ఒంటరిగా పంపుతాడు. ప్రైవేటు లైసెన్సుకు కనీసం 40 గంటలు, కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి.

సొంతంగా చేసినవాళ్ళు మన దేశంలో లేకపోలేదు. బొంబాయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడమీద ఆరు సీట్ల విమానం కట్టాడు. మెట్లమీదుగా దిగదు గదా, క్రేన్‌తో దించారు. 2016లో ప్రదర్శనలో పెట్టాడు. పౌర విమానయానశాఖ రిజిస్ట్రేషను 2017లో, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చాయి. కట్టడం ఒక శ్రమ, కాగితాలు మరొక శ్రమ. ఆ కాగితాలు లేకుండా ఎగిరితే నేరం.

ఇక మా మనసులో నిలిచిపోయింది హైదరాబాదు అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా. తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ పత్రిక సంపాదకులు జాహిద్ అలీఖాన్ గారు ఆదుకోగా, 2007లో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరింది. కష్టపడి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుంది. అంతటితో ఉద్యోగం రాదు. పెద్ద విమానాలకు రెండు ఇంజన్ల శిక్షణ వేరే కావాలి, దానికి లక్షలు కావాలి. అక్కడ ఆగవలసి వచ్చింది. 2015లో తెలంగాణా ప్రభుత్వం సుమారు 36 లక్షల రూపాయలు మంజూరు చేశాకనే ముందుకు కదిలింది.

ఇది చదివినప్పుడు మాకు మన ఉపకారవేతనాల రిజిస్టరు గుర్తుకొచ్చింది. దాపరికమెందుకు? చేరేటప్పుడు ఫీజు కట్టి, పిల్లలతో ఫొటో దిగి, ఆపైన మరచిపోతున్నాము. మూడో యేడు ఫీజుకు యిబ్బందిపడి మానేసిన పిల్లల పేర్లు ఆ రిజిస్టరులోనే వున్నాయి. అందులో ఆడపిల్లలే ఎక్కువ. చెట్టెక్కించి నిచ్చెన తీసేసినట్టు చేశాము. ఈ యేటినుండి కొత్తగా యిచ్చేవారి సంఖ్య తగ్గినా సరే, ఒకసారి పట్టుకున్న చెయ్యి చదువు పూర్తయ్యేదాకా వదలకూడదని కమిటీలో ప్రతిపాదించాము. ఒప్పుకోనివారున్నారు. సాయంత్రం సమావేశంలో మీరు కూడా మాట్లాడండి.

కుర్రవాడి సంగతి అడుగుతారేమో. మళ్ళీ పిలిపించి, స్టాల్ గురించి మాకు తెలిసినంత చెప్పాము. మాకంటే వాడికే త్వరగా అర్థమైంది. ఇప్పుడు తోకతో సహా మూరెడు గ్లైడరు చేసి కొబ్బరితోటలో వదులుతున్నాడు, ప్రతిసారీ ఎక్కడ దిగిందో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. ఇంజను తిరిగి యిచ్చేశాము. పెట్రోలు టాంకు మాత్రం మా అటకమీదే వుంది.