మన పక్కనుంచే వెళ్లే పెద్ద దారులు



దేశంలో పేరున్న దారుల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనసు హిమాలయాల కాలిబాటల వైపో, డార్జిలింగ్ బొమ్మరైలు వైపో పోతుంది. నేను మాత్రం ఈ సాయంత్రం సనత్‌నగర్ నుంచే మొదలుపెడతాను. మనం రోజూ దాటుకుంటూ పోయే పట్టాలకు, రోడ్డుకు కూడా ఆ వరసలో చోటుందని నా నమ్మకం.

ముందు పట్టాల సంగతి. 1871లో బొంబాయి లైనూ మద్రాసు లైనూ రాయచూరు దగ్గర కలిశాయి. ఆ పెద్ద లైను నిజాం రాజధానిని తాకకుండా వాడి అనే ఊరి మీదుగా పోయింది. సికింద్రాబాద్ కంటోన్మెంటుకు సైన్యం త్వరగా చేరాలని ఇంగ్లీషువాళ్ల పట్టు. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా, 1874లో, సికింద్రాబాద్ నుంచి వాడికి రైలు నడిచింది. దాదాపు 185 కిలోమీటర్లు. బేగంపేట, లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు అన్నీ ఆ దారిలోనివే. 1889కి పట్టాలు ఇటు బెజవాడ చేరాయి. సింగరేణి బొగ్గు, తాండూరు నాపరాయి ఊళ్లు దాటి పోగలిగింది ఈ పట్టాల వల్లే.

సైన్యం కోసం, సరుకు కోసం వేసిన దారి మెల్లగా మనుషులదవుతుంది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాక ఇదే పట్టాల మీద ఉద్యోగులు, విద్యార్థులు హైటెక్ సిటీకి వెళ్లడం మొదలైంది. మన సనత్‌నగర్ స్టేషన్ దగ్గర చీలి మౌలాలి వైపు వెళ్లే లైను ఎన్నో ఏళ్లు గూడ్సు బళ్లదే. 2024 మార్చి నుంచి దాని మీదా ఎంఎంటీఎస్ తిరుగుతోంది. నాకిది చాలా సంతోషం కలిగించిన మార్పు.

ఇక రోడ్డు. అమీర్‌పేట, ఎర్రగడ్డ, మూసాపేటల మీదుగా పోయేది పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే జాతీయ రహదారి. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. మెట్రో స్తంభాలు దాని నడుమే నిలబడ్డాయి.

నడక విషయానికొస్తే, మన నగరాన్ని నాగపూరుతో కలిపే పాత బాటను తలుచుకోకుండా ఉండలేను. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం చూసి, హైదరాబాదు వచ్చి, ఇక్కణ్ణుంచి ఉత్తరంగా కాశీకి సాగారు. ఆయన పల్లకీలో వెళ్లినా బోయీలు, పరివారం నడిచినవాళ్లే. మజిలీ మజిలీకీ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని ఆయన తన యాత్రా పుస్తకంలో రాసిపెట్టారు. తర్వాత వచ్చే బాటసారి గురించి అంత శ్రద్ధ పెట్టిన పుస్తకం మనకు అరుదు. 1951లో వినోబా భావే ఎదురు దిక్కు నుంచి, సేవాగ్రాం వైపు నుంచి కాలినడకన శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. ఆ తర్వాత పోచంపల్లికి నడిచారు. ఏప్రిల్ 18న అక్కడ వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వంద ఎకరాలతో భూదానం మొదలైంది.

ఇంత చరిత్ర ఉన్నచోట ఇవాళ నడిచేవాడికి జాగా లేదు. ఫుట్‌పాత్ మీద బళ్లు, దుకాణాల మెట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సౌర పలకల నీడ కూడా ఉంది. మంచి పనే. కానీ ఇక్కడి పిల్లవాడు సైకిలు మీద అక్కడికి చేరాలంటే బస్సుల మధ్య దూరిపోవాలి. భరత్‌నగర్‌లో మెట్రో ఉంది, ఎంఎంటీఎస్ ఉంది. ఒకదాని నుంచి మరోదానికి ఒక ముసలామె చేతిసంచితో భయం లేకుండా నడిచి వెళ్లగలగాలి. కొత్త ఫ్లైఓవర్ కన్నా ముందు మనం అడగాల్సింది అదే.

ఈలోగా ఒక పని చేద్దాం. వానలు పడ్డాక ఒక ఆదివారం లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్‌లో వెళ్లి, అక్కణ్ణుంచి వికారాబాద్ రైలెక్కుదాం. మన మూసీ పుట్టే అనంతగిరి కొండలు అక్కడే. వచ్చేవాళ్లు సభ అయ్యాక పేర్లివ్వండి.