రాళ్లలో ఆకాశం లెక్క దాచుకున్న ఆదివాసీలు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

జై సేవా!

 

ఆగస్టు 9 మన ఒక్కరి పండుగ కాదు. ఆదివాసీ ప్రజల గురించి ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం 1982లో మొదటిసారి కూర్చున్న రోజు ఇది. ప్రపంచమంతటి ఆదివాసీలదీ ఈ రోజు. అందుకే ఈసారి సముద్రాల అవతలి మన సాటివాళ్ల గురించి చెప్పాలనుకున్నాను. ఒకరు మధ్య అమెరికాలోని మాయా ప్రజలు. ఇంకొకరు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద రాజ్యమేలిన ఇన్కాలు.

వీళ్ల పేర్లు మీకు తెలుసు. సెలవు రోజున మీరు ఫోన్‌లో చూసే వీడియోల్లో వీళ్ల గుడులు కనిపిస్తాయి. వెనకనుంచి ఒక గొంతు, "ఇవి మనుషులు కట్టినవి కావు, వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్లు కట్టారు" అంటుంది. 1968లో ఎరిక్ వాన్ డానికెన్ రాసిన పుస్తకంతో ఈ మాట బాగా పాకింది. పాలెంకే అనే మాయా నగరంలో, 683లో చనిపోయిన పకాల్ అనే రాజు సమాధి మీద చెక్కిన రాతిపలక ఉంది. అందులో రాజు రాకెట్ నడుపుతున్నాడని ఆయన రాశాడు. మాయా లిపిని, బొమ్మలను చదివే పండితులు చెప్పేది వేరు. పాతాళానికీ పై లోకానికీ నడుమ, లోకాన్ని నిలబెట్టే చెట్టు దగ్గర ఉన్న రాజు బొమ్మ అది.

ఆ వీడియోల అడుగున ఉన్న అనుమానం ఒక్కటే. అడవుల్లో, కొండల్లో ఉండేవాళ్లకు అంత తెలివి ఎక్కడిది? ఆ అనుమానం మనకు కొత్తదేం కాదు. మన పిల్లలు లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంటే "ఎవరు చెప్పారు?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే వాళ్లు ఆ పని ఎలా చేశారో చెప్తాను. ఎలా చేశారో తెలిస్తే, ఎవరు చేశారన్న అనుమానం మిగలదు.

ముందు మాయా వాళ్ల సంగతి. వాళ్ల దగ్గర దుర్భిణి లేదు. ఓపిక ఉంది, నిలబడే చోటు ఉంది. మీ ఊళ్లో ఒకే చోట నిలబడి రోజూ పొద్దు పొడవడం చూడండి. సూర్యుడు రోజూ ఒకేచోట పొడవడు. జూన్ 21 దగ్గర ఉత్తరపు కొసకు చేరతాడు. అక్కడినుంచి వెనక్కి మళ్లి డిసెంబర్ 21 దగ్గర దక్షిణపు కొసకు వస్తాడు. గ్వాటెమాలా అడవిలో వాషక్తున్ అనే మాయా ఊరిలో పడమర ఒక మెట్ల గుట్ట కట్టారు. దానికి ఎదురుగా తూర్పున పొడవాటి అరుగు మీద మూడు చిన్న గుడులు కట్టారు. గుట్ట మీద నిలబడి చూస్తే జూన్ కొసన సూర్యుడు ఒక చివరి గుడి దగ్గర, డిసెంబర్ కొసన ఇంకో చివరి గుడి దగ్గర, పగలూ రాత్రీ సమానమైన రోజున నడిమి గుడి మీద పొడుస్తాడు. అంటే ఆ గుడులే వాళ్ల క్యాలెండర్.

మెక్సికోలో చిచెన్ ఇట్సా అనే చోట కుకుల్కాన్ అనే పాము దేవుడి గుడి ఉంది. నాలుగు వైపులా మెట్లు, ఒక్కో వైపు 91. లెక్కల్లో చురుకైనవాళ్లు గుణించండి. 364. పైన గుడి అరుగు ఒక్కటి కలిపితే 365. మార్చిలో, సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రం ఆ మెట్ల పక్క గోడ మీద వెలుగు ముక్కలు ముక్కలుగా పడి, కింద చెక్కిన పాము తలతో కలిసి పాము దిగివస్తున్నట్టు కనబడుతుంది. ఆ రోజుకే గురిపెట్టి కట్టారా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు, ఎందుకంటే అటూ ఇటూ కొన్ని రోజులు కూడా ఆ వెలుగు కనిపిస్తుంది. ఇంకో మాట. పాము దేవుడు అనగానే మీకు మన నాగోబా గుర్తొస్తాడు. వాళ్లకూ మనకూ చుట్టరికం ఉందని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి. అందుకు ఆధారం లేదు. చుట్టరికం లేకపోయినా గౌరవించుకోవచ్చు.

వాళ్ల అసలు గొప్పతనం వేగుచుక్క లెక్కలో ఉంది. డ్రెస్డెన్ ప్రతి అని పిలిచే మాయా పుస్తకంలో శుక్రుడి పట్టిక ఉంది. వేగుచుక్కగా 236 రోజులు, కనబడకుండా 90, సాయంత్రం చుక్కగా 250, మళ్లీ కనబడకుండా 8. మొత్తం 584 రోజులు. నేటి శాస్త్రజ్ఞుల లెక్క సగటున 583.92. అలాంటివి ఐదు చుట్లు అయితే 2920 రోజులు, అంటే 365 రోజుల ఏళ్లు సరిగ్గా 8. ఇది ఒక మనిషి జీవితంలో తేలే లెక్క కాదు. తాత చూసింది మనవడికి చెప్పి, మనవడు దాన్ని సరిదిద్ది, రాసిపెడితే తేలిన లెక్క. అదే పుస్తకంలో గ్రహణాల పట్టిక కూడా ఉంది. సున్నాకు వాళ్లు సొంతంగా ఒక గుర్తు పెట్టుకున్నారు.

ఆ పుస్తకాలు ఏమయ్యాయి? 1562 జూలైలో మనీ అనే ఊళ్లో దియెగో దె లాందా అనే స్పెయిన్ మతగురువు, ఇవి సైతాను రాతలని చెప్పి మాయా పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించాడు. అప్పుడు ఆ ప్రజలు ఎంతో దుఃఖపడ్డారని ఆయనే రాసుకున్నాడు. ఈనాడు ప్రపంచం మొత్తంలో మిగిలిన పాత మాయా పుస్తకాలు నాలుగే నాలుగు. నేను చెప్పిన శుక్రుడి లెక్క అందులో ఒకదానిలో మిగలబట్టి మనకు తెలిసింది. కాలిపోయిన వాటిలో ఏముందో ఎవరూ చెప్పలేరు. 2012లో లోకం అంతమైపోతుందని మాయా వాళ్లు చెప్పారని పుకారు లేచింది. ఆ క్యాలెండర్లో ఒక పెద్ద చుట్టు ముగిసింది, అంతే. గోడ మీద క్యాలెండర్ అయిపోతే కొత్తది తగిలిస్తాం కదా, అలాగే.

ఇక ఇన్కాలు. వాళ్ల రాజధాని కుస్కో, ఈనాటి పెరూ దేశంలో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. ఊరి చుట్టూ కొండల మీద స్తంభాలు కట్టి, సూర్యుడు ఏ స్తంభం దగ్గరికి వస్తే ఏ పంట వేయాలో చూసుకునేవాళ్లని ఆనాటి స్పెయిన్ వాళ్లు రాశారు. కుస్కో స్తంభాలు ఇప్పుడు లేవు. కానీ ఆ అలవాటు ఇన్కాలతో మొదలైంది కాదు. పెరూ తీరానికి దగ్గర చంకియో అనే చోట కొండ మీద వరుసగా 13 బురుజులు ఉన్నాయి. అవి ఇన్కాల కంటే 1500 ఏళ్లకు పైగా ముందువి. ఏడాది పొడుగునా పొద్దు ఆ బురుజుల ఒక కొసనుంచి ఇంకో కొసకు నడుస్తుంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కుస్కో నడిబొడ్డున కొరికాంచా అనే సూర్యుడి గుడి ఉండేది. అక్కడినుంచి నలుదిక్కులకూ 41 వరుసలు సాగుతాయి. ఆ వరుసల మీద ఊటలు, రాళ్లు, గుట్టలు కలిపి 300కు పైగా పవిత్ర స్థలాలు. ఒక్కో వరుసను చూసుకునే బాధ్యత ఒక్కో వంశానిది. ఈ మాట మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబాకు గోదావరి నీళ్లు మోసుకొచ్చేది మెస్రం వంశమే కదా. ఏ పని ఎవరిదో, ఏ రోజు చేయాలో చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకునేవాళ్లే మన పెద్దలు కూడా.

మచు పిచ్చులో వంపు గోడ గుడి ఒకటి ఉంది. జూన్ 21 దగ్గర పొద్దు పొడిచినప్పుడు ఆ గోడ కిటికీలోంచి పడే వెలుగు, లోపలి బండకు చెక్కిన అంచు వెంట నిలుస్తుంది. ఆ బండలను ఇనుప పనిముట్లు లేకుండా, గట్టి రాళ్లతో దెబ్బ మీద దెబ్బ కొట్టి, సున్నం లేకుండా ఒకదానికొకటి అతికినట్టు కూర్చారు. అలా రాయితో రాయిని చెక్కవచ్చని ఈ కాలపు పరిశోధకులు చేసి చూపించారు.

ఒక చుక్కల గుంపు గురించి తప్పకుండా చెప్పాలి. తెలుగు పల్లెల్లో పిల్లలకోడి అంటారు, పంచాంగంలో కృత్తికలు. ఆండీస్ ప్రజలు దాన్ని కొల్కా అంటారు, అంటే గాదె. అక్కడి బంగాళాదుంప రైతులు జూన్ చివర తెల్లవారుజామున కొండెక్కి ఆ గాదెను చూస్తారు. చుక్కలు తేటగా ఉంటే మామూలు సమయానికి విత్తనం వేస్తారు. మసకగా ఉంటే విత్తడం కొన్ని వారాలు వాయిదా. చాలామంది దీన్ని మూఢనమ్మకం అన్నారు. 2000లో ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్కలు తీసి చూశారు. ఎల్ నినో వచ్చే ఏడు ఆకాశంలో చాలా ఎత్తున పలుచని మబ్బు పరుచుకుంటుంది, చుక్కలు మసకబారతాయి, ఆ ఏడు అక్కడ వానలు ఆలస్యం అవుతాయి, తగ్గుతాయి. రైతుల మాటే సరైనదని తేలింది. మన వానాకాలాన్ని కూడా దెబ్బతీసే ఎల్ నినో అదే.

1533లో స్పెయిన్ వాళ్లు కొరికాంచా గోడల బంగారు రేకులు ఊడబెరికారు. తర్వాత దాని మీదే చర్చి కట్టారు. 1950లో భూకంపం వచ్చి చర్చి బాగా దెబ్బతిన్నది, కింది ఇన్కా గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. నిషేధించిన సూర్యుడి పండుగ ఇంతి రాయ్మిని 1944లో కుస్కో ప్రజలు మళ్లీ మొదలుపెట్టారు. ఇన్కాల క్వెచువా భాష ఈనాటికీ లక్షల మంది నోట బతికే ఉంది. గ్వాటెమాలా కొండల్లో 260 రోజుల పాత క్యాలెండర్‌ను లెక్కపెట్టే మాయా పెద్దలు ఇంకా ఉన్నారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెంచూ మాయా ఆడబిడ్డే. వాళ్లు మాయమైపోయిన జాతి అని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి.

వాళ్ల రాజ్యాల్లో అంతా మంచే ఉందని నేను అనడం లేదు. యుద్ధాలు ఉన్నాయి, నరబలులు ఉన్నాయి. గౌరవించడానికి అబద్ధాలు కలపక్కర్లేదు. నిజం చాలు.

ఇప్పుడు మన సంగతి. మన పెద్దలు రాతి గుడులు కట్టలేదు, పుస్తకాలు రాయలేదు. వాళ్ల ఆకాశం వాళ్ల మాటల్లో ఉంది. మన గోండు పెద్దలు సప్తర్షుల నాలుగు చుక్కల్లో మంచాన్ని, పక్కనున్న మూడు చుక్కల్లో దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలను చూస్తారు. మీలో ఎంతమందికి ఆ కథ తెలుసు? మాయా పుస్తకాలను తగలబెట్టడానికి బయటివాళ్లు రావాల్సి వచ్చింది. మన పుస్తకాలు పోవడానికి ఎవరూ రానక్కర్లేదు. మనం అడగకుండా ఊరుకుంటే చాలు. ఒక్కో అవ్వ, ఒక్కో తాత వెళ్లిపోయినప్పుడల్లా ఒక పుస్తకం పోతుంది.

అందుకే మూడు పనులు చెప్తాను. ఒకటి, ఇంటికి వెళ్లినప్పుడు రాత్రి మంచం బయట వేసుకుని తాతను, అవ్వను ఏ చుక్కను ఏమంటారో అడగండి. గోండిలో, కోలామీలో వాళ్లు ఎలా చెప్తే అలాగే రాయండి, ఫోన్‌లో గొంతు కూడా దాచండి. రెండు, ఏ ఆదివారం పొద్దు ఏ గుట్ట మీద పొడిచిందో బొమ్మ గీసి తేదీ వేయండి. ఏడాది తర్వాత మీ ఊరి వాషక్తున్ మీ నోట్‌బుక్‌లో ఉంటుంది. మూడు, నిట్టనిలువుగా కర్ర పాతి నీడ చూడండి. చిచెన్ ఇట్సా, మన ఆదిలాబాద్ భూమధ్యరేఖకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. అక్కడిలాగే ఇక్కడా మే మూడో వారంలో ఒకసారి, జూలై నాలుగో వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం కర్రకు నీడ పడదు. జూలైలో మబ్బు ఉంటుంది, మేలో దొరుకుతుంది. మాయా వాళ్లు లెక్కపెట్టుకున్న రోజు అదే, మన నెత్తి మీద సూర్యుడూ అదే.

సైన్స్ చదవండి, ఇంజినీర్లు అవ్వండి, ఖగోళ శాస్త్రజ్ఞులు అవ్వండి. ఆ చదువు మన తాతల దగ్గరికి తిరిగి వచ్చి "ఇంకోసారి చెప్పు తాతా" అని కూర్చునే చదువు కావాలి.

జై సేవా! జై ఆదివాసీ!