ప్యాకెట్లు ఎన్నో, తాళంచెవి ఒకరి దగ్గరే
(హవేలిఘనపూర్‌లో జరిగిన రైతు సంఘం సభలో చేసిన ప్రసంగం)



మన దగ్గర వరి ఎక్కువ. చెలకల్లో పత్తి పెట్టేవాళ్లమూ ఉన్నాం. మెదక్‌లో విత్తనాల దుకాణానికి పోతే గోడ నిండా రంగురంగుల ప్యాకెట్లు కనిపిస్తాయి. ఇన్ని కంపెనీలుంటే పోటీ ఉన్నట్టే కదా అనుకుంటాం. పత్తి విషయంలో మనం మోసపోయింది సరిగ్గా అక్కడే.

2002లో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. అమెరికా కంపెనీ మోన్‌శాంటో, మన దేశపు మహికోతో కలిసి ఒక ఉమ్మడి కంపెనీ పెట్టుకుంది. కాయతొలుచు పురుగును చంపే జన్యువును ఆ కంపెనీ తన చేతిలోనే ఉంచుకొని, మిగతా విత్తన కంపెనీలకు లైసెన్సులు ఇచ్చింది. విత్తనం పండించేది, డీలరుకు చేరవేసేది, మొలక రాకపోతే మన తిట్లు తినేది వాళ్లు. ప్యాకెట్ ఎవరిదైనా, జన్యువు రుసుం మాత్రం ఒకే చోటికి పోయేది. పోటీకి రావలసినవాళ్లే వసూలు చేసిపెట్టేవాళ్లయ్యారు.

2005 నాటికి 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 ఆ రుసుమే! గింజ కంటే అనుమతి ఖరీదు మూడింతలు. బీటీని హైబ్రిడ్లలోనే తెచ్చారు కాబట్టి ఇంటి విత్తనం దాచుకునే దారీ లేదు.

రైతు సంఘాలు గొంతెత్తాయి. 2006 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే కమిషన్ ముందు ఫిర్యాదు పెట్టింది. ఆ ఏడాదే ప్యాకెట్ ధర 750కి దిగింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా పాత ధర తిరిగి రాలేదు. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల చట్టమే చేసింది. 2020లో కేంద్రం రుసుమును సున్నా చేసింది. అప్పటికే గులాబీ రంగు పురుగు ఆ జన్యువును లెక్కచేయడం మానేసింది లెండి.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, అదే పని ఈసారి ఫోన్‌లో మొదలవుతోంది. వాన కబురు, మందుల సలహా ఉచితమంటూ యాప్‌లు వస్తున్నాయి. కొన్నిటిలో ఎరువులు అమ్ముతారు, పంట కొంటారు, అప్పు కూడా ఇప్పిస్తారు. మన సర్వే నంబరు, వేసిన పంట, ఉన్న బాకీ అన్నీ వాళ్ల దగ్గర చేరతాయి. రేపు దుకాణదారు, మిల్లరు, బ్యాంకు ఆ యాప్ ద్వారానే మన దగ్గరికి రావాల్సి వస్తే, కమిషన్ ఎంతో చెప్పేది ఎవరు? కౌలు రైతు పేరు అందులో అసలు ఉంటుందా?

యాప్ వద్దని మేం అనడం లేదు. షరతులు తెలుగులో ఉండాలి. మన వివరాలు ఎవరికిస్తారో ముందే చెప్పాలి, వద్దంటే తీసేయాలి. సహకార సంఘం, కొనుగోలు కేంద్రం యాప్ లేని రైతుకూ తెరిచే ఉండాలి. కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో ఇవే రాస్తున్నాం. సంతకాల కోసం ఊరూరికీ వస్తాం. మీ ఫోన్‌లో ఏ యాప్ ఉందో, అది ఏమేం అడిగిందో అప్పుడు మాకు రాయించండి.