కడవ విడిచి వెళ్లిన స్త్రీ

మంచి వార్త యొకటి తెలిసినప్పుడు దానిని మరియొకరితో చెప్పక ఊరకుండుట కష్టము. కుమార్తెకు సంబంధము కుదిరిన తండ్రి ఆ సంగతి వీధిలో ఎదురైన వారికెల్ల చెప్పును. ఫలానా వైద్యుని మందుతో మోకాలినొప్పి తగ్గినవాడు అడుగనివారికి సైతము ఆ వైద్యుని చిరునామా ఇచ్చును. పరీక్షలో ఉత్తీర్ణుడైన పిల్లవాడు ఇల్లు చేరకమునుపే వాని వార్త ఇల్లు చేరును. ఇది మానవ స్వభావము. ఐనను ఒక్క విషయమున మాత్రము ఈ స్వభావము మనలను విడిచిపోవుచున్నది. తన జీవితమునే మార్చివేసిన సంగతిని, తన మనస్సునకు ఊరట కలిగించిన దానిని పొరుగువానితో చెప్పవలసివచ్చినప్పుడు ఎంత మాటకారికైనను గొంతు పెగలదు.

మాటలాడుటయే వృత్తిగా గల మాకు ఈ సంగతి స్వానుభవమున తెలియును. కంటికి కనబడని వేలకొలది శ్రోతల ఎదుట బెదురు లేక మాటలాడుదుము. ఎదుట కూర్చున్న ఒక్క మిత్రునితో, క్రీస్తు మాకు ఇట్లు మేలు చేసెనని చెప్పుటకు మాత్రము జంకుదుము. ఈ జంకు ఎందుకు కలుగును? అది ఎట్లు తొలగును? యోహాను సువార్త నాలుగవ అధ్యాయములోని ఒక వృత్తాంతమును ఆధారము చేసికొని ఈ ప్రశ్నలను గూర్చి శ్రోతలతో కలిసి కొంత ఆలోచింపదలచితిమి.

యూదయ నుండి గలిలయకు పోవు త్రోవలో, సమరయ ప్రాంతమున సుఖారు అను ఊరు కలదు. ఆ ఊరి వెలుపల ఒక బావి. పితరుడైన యాకోబు దానిని త్రవ్వించెనని ప్రతీతి. నేటి నాబ్లసు పట్టణమున ఆ బావి ఇంకను ఉన్నది. దానిపై గ్రీకు సంప్రదాయమునకు చెందిన దేవాలయము కట్టబడియున్నది. బావి లోతు నూరడుగులకు పైమాట. అంత లోతునుండి నీరు పైకి రావలెనన్న చేద కావలెను, పొడుగైన త్రాడు కావలెను. ఆ రెండును లేక, నడచి అలసిన యేసు మిట్టమధ్యాహ్నమున ఆ బావి యొద్ద కూర్చుండెను. శిష్యులు ఆహారము కొనుటకై ఊరిలోనికి పోయిరి.

అప్పుడు ఒక స్త్రీ కడవతో వచ్చెను. ప్రొద్దుటనో సాయంకాలముననో పదిమందితో కలిసి నీళ్లకు పోవుట ఏ పల్లెలోనైనను వాడుక. మండుటెండలో ఈమె ఒంటరిగా ఎందుకు వచ్చినదో సువార్తికుడు చెప్పలేదు. ఆమె కథ తెలిసిన తరువాత మనమే ఊహించుకొందుము. ఆమె అప్పటికి ఐదుగురు భర్తలను ఎరిగినది; ఇప్పుడు కాపురము చేయుచున్నవాడు భర్త కాడు. నలుగురి నోళ్లకు వెరచి, నలుగురును లేని వేళ చూచుకొని వచ్చియుండును.

యూదులకును సమరయులకును నాడు పొత్తు లేదు. ఒకరికి యెరూషలేము దేవాలయము పవిత్రము, మరియొకరికి గెరిజీము కొండ పవిత్రము. ఆ కొండపై నుండిన సమరయుల ఆలయమును క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దములో యూదుల పాలకుడైన యోహాను హిర్కాను పడగొట్టించెను. ఆ పగ చల్లారలేదు. ఒకరి పాత్రలోని నీరు మరియొకరు త్రాగరు. ఈ కట్టుబాటు ఎట్టిదో తెలుగువారికి వివరింపనక్కరలేదు. బావి గట్టున ఎవరు నిలువవచ్చును, ఎవరు దూరముగా నిలిచి దోసిలి పట్టవలెను అను లెక్క మన పల్లెలలో తరతరములుగా నడచినదే. అట్టి చోట, యేసు ఆమెను త్రాగుటకు నీరడిగెను. ఆమె కడవకు అంటు పాటింపలేదు. మాట నీటితో మొదలై, ఆమె ఇంటి గుట్టు మీదుగా, దేవుని ఎచ్చట ఆరాధింపవలెనను పెద్ద ప్రశ్నకు పోయెను. ఆమె బ్రతుకంతయు ఆయనకు తెలియును. తెలిసియు ఆయన ఆమెను ఛీకొట్టలేదు. తన సంగతి తెలిసినవారు తనను దూరముంచుట ఆమెకు అలవాటైన విషయమై యుండును. తెలిసియు దగ్గరకు తీసినవానిని ఆమె నాడే చూచినది. ఆ భేదమే ఆమె జీవితమును మార్చినది.

తరువాత ఆమె చేసిన పనిలో మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, ఆమె కడవను బావి యొద్దనే విడిచి ఊరిలోనికి పోయెను. ఊరికి పోయి ప్రకటింపుమని ఆమెకు ఆజ్ఞ లేదు. ఎవరును ఆమెకు మాటలు నేర్పి పంపలేదు. వచ్చిన పనియే మరచునంతటి ఆత్రము ఆమెను నడపెను. అదే పూట, అదే ఊరికి శిష్యులును పోయివచ్చిరి. వారు ఆహారము కొని తెచ్చిరి. ఒక్క మనుష్యునైనను వెంట తెచ్చినట్లు వ్రాయబడలేదు. గురువు వెంట తిరుగుచున్నవారు మూటతో తిరిగివచ్చిరి. కొంతసేపు మాత్రము ఆయనతో మాటలాడిన స్త్రీ ఊరివారిని వెంటబెట్టుకొని వచ్చెను.

రెండవది, ఆమె చెప్పిన మాట. కొండల వివాదమును గూర్చి ఆమె ఊరిలో ఉపన్యసింపలేదు. తన జీవితములో జరిగినదంతయు తనతో చెప్పిన మనుష్యుడు ఒకడు బావి యొద్ద ఉన్నాడనియు, రానున్న క్రీస్తు ఆయనయేనేమో మీరే వచ్చి చూడుడనియు చెప్పెను. ఆ మాటలో వాదము లేదు. ఒక అనుభవమును, ఒక ప్రశ్నయు, ఒక పిలుపును ఉన్నవి. మరియొక విశేము కలదు. ఏ సంగతి దాచుకొనుటకై ఆమె ఎండవేళ నీళ్లకు వచ్చియుండునో, ఆ సంగతినే నడివీధిలో ఎత్తి చెప్పెను. తన సిగ్గే తన సాక్ష్యమైనది.

మూడవది, ఫలితము. ఊరివారి కోరికపై యేసు అచ్చట రెండు దినములు నిలిచెను. పిదప వారు ఆమెతో, ఇక నీ మాటను బట్టి కాదు, మేమే స్వయముగా విని నమ్మితిమని చెప్పిరి. ఆ మాట విని నొచ్చుకొనువాడు సాక్షి కాజాలడు. గుమ్మము వరకు తోడు వచ్చి, లోపలికి పోవువారికి దారి విడిచి ప్రక్కకు తొలగుటయే సాక్షి చేయవలసిన పని.

సాక్షి అను మాటకు మన వైయాకరణులు కన్నులార చూచినవాడని అర్థము చెప్పిరి. క్రొత్త నిబంధనలో సాక్షికి వాడబడిన గ్రీకు మాట కాలక్రమమున, సాక్ష్యము కొరకు ప్రాణమిచ్చినవానికి పేరైనది. న్యాయస్థానమున సాక్షిని అడుగునది నీవేమి చూచితివని మాత్రమే. వాదించుటకు వకీళ్లున్నారు, తీర్పు చెప్పుటకు న్యాయాధిపతి యున్నాడు. చూచినది చూచినట్లు చెప్పుటకు సాక్షి తప్ప వేరొకరు లేరు.

తెలుగుదేశపు క్రైస్తవ సంఘ చరిత్రలో ఇట్టి సాక్షులు పలువురు కలరు. యెర్రగుంట్ల పేరయ్య వారిలో ఒకడు. మాదిగ కులమున పుట్టి, తోళ్ల వర్తకము చేసికొని బ్రతికినవాడు. ఊరి బావికి దూరముగా నిలువవలసివచ్చినవారిలో ఒకడు. వర్తకముపై ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తును గూర్చి వినెను. 1866లో బాప్తిస్మము పొందెను. ఆ ఏడే క్లౌ దొర ఒంగోలులో కాపురముండెను. 1867 జనవరిలో దొర పేరయ్య పల్లెకు పోవునప్పటికి, కొలది కాలములోనే పేరయ్య చుట్టుప్రక్కల తనవారికి తన సంగతి చెప్పియుండెను. వారు చాపలును తిండి పదార్థములును వెంట తెచ్చుకొని, కొన్ని దినములుండి వినుటకు సిద్ధపడి వచ్చిరి. ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. దొరకు తెలుగు అప్పటికింకను కొత్త. మాట ముందుగా నడచినది పేరయ్య కాళ్లతోనే.

1912లో దోర్నకలు బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు ఈ సంగతి బాగుగా ఎరిగినవారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయులు ఆయనయే. బాప్తిస్మము పొందిన పల్లెవారిచేత తమ చేతిని తమ తలపై నుంచుకొనజేసి, ఈ వార్త చెప్పకుండుట మాకు తగదని పలికించెడివారు. చదువు లేనివారికిని, కూలిపని చేయువారికిని ఆ బాధ్యత కలదని ఆయన నమ్మిక. చెప్పుటకు కావలసినది పాండిత్యము కాదు గదా.

ఐతే చెప్పుటలో తప్పులును కలవు. ఒకరు పూజించు దానిని తూలనాడి తన నమ్మకమును పొగడుకొనువాడు సాక్షి కాడు. యేసు ఆ స్త్రీతో, నీ కొండ విడిచి మా కొండకు రమ్మనలేదు. స్థలభేదము లేని ఆరాధనను గూర్చి చెప్పెను. ఆశ చూపి పిలుచుట మరియొక తప్పు. 1876 మొదలు 1878 వరకు మహాక్షామము వచ్చినప్పుడు క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పని ఒప్పుకొని, వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. ఆ సహాయము జరుగునంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. చెప్పువాని చేతిలో అన్నపు గిన్నె యున్నప్పుడు వినువానికి మాట సరిగా వినబడదని ఆయన ఎరిగినట్లున్నది.

గట్టిగా చెప్పి తప్పు చేయువారు కొందరు. మా తప్పు వేరు. మేము చెప్పక తప్పు చేసినవారము.

కొన్ని సంవత్సరముల క్రిందట మాతో పనిచేయు మిత్రులొకరు శస్త్రచికిత్సకై వైద్యశాలలో చేరిరి. వారు క్రైస్తవులు కారు. ముందునాటి సాయంకాలము మేము పండ్లు తీసికొని చూడబోతిమి. కొంతసేపటికి వారు, "ఏమండీ, మీరు ఎంత కష్టము వచ్చినను నిబ్బరముగా ఉందురు గదా, అది మీకెట్లు అబ్బినది?" అని అడిగిరి. మేము వైద్యుల నేర్పును గూర్చి చెప్పితిమి. ఈ కాలపు మత్తుమందులను గూర్చి చెప్పితిమి. ఆపీసు సంగతులు చెప్పి నవ్వించితిమి. వేళ అయినదని గంట కొట్టగా లేచి వచ్చితిమి. దైవానుగ్రహమున వారు స్వస్థులైరి. నెల దినముల తరువాత పనిలో చేరి, ఒకనాడు కాఫీ త్రాగుచు నవ్వుచు, "ఆనాడు మీరు చాల సంగతులు చెప్పితిరి, నేను అడిగినది తప్ప" అనిరి.

అప్పుడు చెప్పితిమి. తండ్రిగారు పోయిన తరువాత ఇంటి పంపకములో మాకును మా అన్నగారికిని మాట పట్టింపు వచ్చినది. రెండు వీధుల దూరములో ఉండియు మూడేండ్లు మాటలు లేవు. ఒక మంచి శుక్రవారమున దేవాలయములో కూర్చుండి, తన్ను సిలువ వేసినవారికొరకు యేసు చేసిన ప్రార్థనను గూర్చి వినుచుంటిమి. ఏటేట విన్నదే. ఆనాడు మాత్రము ఆ ప్రార్థనలో మేమును ఉన్నామని తోచినది. ఆ రాత్రియే నడచి అన్నగారి ఇంటికి పోతిమి. ఇంతవరకు చెప్పునప్పటికి మాకు మాట తడబడినది. మిత్రులు, "మీ అన్నగారు ఏమనిరి?" అని అడిగిరి. "భోజనమైనదా అని అడిగిరి" అంటిమి. ఆయన చాలసేపు కాఫీ ముట్టలేదు.

వారు తమ మతము మార్చుకొనలేదు. మేము అడుగను లేదు. కాని అప్పుడప్పుడు వారే ఆ సంగతి ఎత్తి మరల అడుగుచుందురు.

ఇంటికి వచ్చిన తరువాత మా జంకునకు కారణము మాకు తెలిసినది. ఎవరో పరిహసింతురని కాదు. క్రీస్తు చేసిన మేలు చెప్పవలెనన్న మా మూడేండ్ల పగ కూడ చెప్పవలసి వచ్చును. రోగమును దాచి మందును మాత్రము పొగడవలెనని మా కోరిక. అది కుదరదు. సమరయ స్త్రీ రెండును చెప్పెను. అందుచేతనే ఊరు కదలినది.

దీనికి తోడుగా మరియొక సంగతి. గెరాసేనుల దేశమున దయ్యములు విడిచిన మనుష్యుడు యేసు వెంట పోవుదునని బ్రతిమాలెను. ఆయన వానిని వెంట రానీయక, ఇంటికి పోయి తనవారితో చెప్పుమని పంపెను. పరదేశమున చెప్పుట సులభము. మన పూర్వపు నడత అచ్చట ఎవరికిని తెలియదు. ఇంటివారికి తెలియును. అందుచేత అచ్చట చెప్పుట కష్టము. అచ్చటనే మాటకు విలువయు ఎక్కువ. పగ విడిచినవాని నోట క్షమను గూర్చిన మాట అన్నకును వదినెకును వినబడునట్లు మరెవరికిని వినబడదు. ఒక్కొక్కప్పుడు అచ్చట మాటకంటె ముందు నడత చెప్పవలసియుండును.

ఆ కడవ ఏమైనదో సువార్తికుడు వ్రాయలేదు. ఆమె తిరిగివచ్చి తీసికొనిపోయియే యుండును. ఇంటికి నీళ్లు కావలెను గదా. ఐతే ఒక మాట మాత్రము ఊహించుకొనుట మాకు ఇష్టము. మరునాడు ఆమె ఎండవేళకై కనిపెట్టుకొని యుండలేదనియు, ప్రొద్దుటనే పదిమందితో కలిసి నీళ్లకు వచ్చెననియు.