డ్రమ్ము తిరగకపోతే ముందు ఏం చూడాలి?

(మహాజన సభలో మా లాండ్రీ యూనిట్ తరఫున చెప్పిన మాటలు)

మా యూనిట్ జమాఖర్చులు ఈ పుస్తకంలోనే వేరే పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఇక్కడ ఒక్క సంగతే చెబుతాం. మొన్న వానాకాలంలో మా డ్రైయర్ ఆగిపోయిన సంగతి.

ఇళ్లల్లో రెండు తొట్ల వాషింగ్ మెషీన్‌లో ఉండేదాన్నీ మనం డ్రైయర్ అనే అంటాం. అది బట్టల్లో నీళ్లు పిండుతుందంతే. మాది వేరు. పెద్ద డ్రమ్ము తిరుగుతూ బట్టల్ని దొర్లిస్తుంటే వేడిగాలి వాటిని ఆరబెడుతుంది. డ్రమ్ము తిరక్కపోతే పని లేనట్టే.

ఆ రోజు హాస్టల్ దుప్పట్లు వేసి బటన్ నొక్కాం. మోటారు చప్పుడు వస్తోంది, డ్రమ్ము కదలడం లేదు. బయట ముసురు. తడి దుప్పట్లు గుట్టగా పడ్డాయి. టౌన్ నుంచి వచ్చిన మెకానిక్ మూతైనా విప్పకుండా "మోటారు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. అంత డబ్బు పెడితే ఆ నెల అప్పు కిస్తీ కట్టలేం. ఆ కంగారులో మేం మెషీన్ నడిపే చెల్లెలి మీద పడ్డాం. "నీ చేతిలోనే చెడింది, జరిమానా కట్టు" అని తీర్మానం కూడా రాశాం. ఆమె మారు మాట్లాడకుండా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు మాలో బట్టలు కుట్టే అక్క ఒకామె అంది: "కుట్టుమిషన్‌కు బెల్టు తెగితే కింది చక్రం తిరుగుతుంది, పైచక్రం కదలదు. దీనికీ అంతేనేమో?" ప్లగ్గు పీకి, డ్రమ్మును చేత్తో తిప్పి చూశాం. ఏ బరువూ లేనట్టు తేలిగ్గా తిరిగింది. ఇంకో మెకానిక్‌ను పిలిచి విప్పిస్తే బెల్టు తెగి కింద పడి ఉంది. బెల్టు మార్చాడు, అంతే. మోటారు ఖర్చు తప్పింది.

అందుకే మీరూ ఈ వరస గుర్తుపెట్టుకోండి.

మొదట తలుపు చూడండి. గుడ్డ అంచు ఇరుక్కుని తలుపు సరిగ్గా పడకపోతే మెషీన్ స్టార్ట్ కాదు.

తర్వాత చప్పుడు వినండి. అసలు చప్పుడే లేకపోతే కరెంటు, ఫ్యూజు, తలుపు స్విచ్చు చూపించాలి. కొన్ని మెషీన్లలో బెల్టు తెగినా మోటారు స్టార్ట్ కాదు.

ఆ తర్వాత ప్లగ్గు పీకి డ్రమ్మును చేత్తో తిప్పండి. స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకాల్సిందే. మరీ తేలిగ్గా తిరిగితే బెల్టు మీద అనుమానపడాలి. బిగుసుకుని ఉంటే అంచులో గుడ్డ ఇరుక్కుని ఉండొచ్చు, లేదా డ్రమ్మును మోసే చిన్న చక్రాలు అరిగి ఉండొచ్చు. డ్రమ్ము మామూలుగానే తిరుగుతూ, కరెంటు ఇచ్చినప్పుడు మోటారు మూలుగుతుంటే కెపాసిటరో మోటారో చెడి ఉండొచ్చు. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, ముట్టుకోవద్దు. లోపలి పని మెకానిక్‌దే. కానీ అతను మూత విప్పి చూపించాకే డబ్బు మాట మాట్లాడండి.

జాలీలో చేరే నూగును మాత్రం ప్రతి లోడుకూ తీసెయ్యండి. అది పేరుకుంటే నిప్పు అంటుకుంటుంది.

ఇక బెల్టు ఎందుకు తెగింది? మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు వేశాం కనుక అన్నాడు మెకానిక్. వేయించింది ఎవరు? "హాస్టల్ వాళ్లు వచ్చేస్తారు, ఇంకో నాలుగు వెయ్యి" అని రోజూ తొందరపెట్టింది మేమే. వద్దన్నది ఆ చెల్లెలే.

అందరం కలిసి ఆమె ఇంటికి వెళ్లాం. తప్పు ఒప్పుకున్నాం. మినిట్స్ పుస్తకంలో జరిమానా తీర్మానం రద్దు చేశాం. అయినా ఆమె వెంటనే రాలేదు. "ఎన్ని దుప్పట్లు వెయ్యాలో నేనే చెబుతా, ఒప్పుకుంటేనే వస్తా" అంది. ఒప్పుకుని సంతకాలు చేశాం. ఇప్పుడు తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. మేమెవరం ఇంకో దుప్పటి వెయ్యమని అడగడం లేదు.

మీ యూనిట్‌లో ఏ మెషీన్ ఆగినా ముందు మెషీన్‌ను చూడండి, మనిషి మీదికి తర్వాత వెళ్లొచ్చు. సెలవు.